పెట్టె సరే, లోపలి సరుకు సంగతేంటి?

జావా నేర్చుకున్న తెలుగు పిల్లల్లో ఆ రెండు లైన్లు చూడనివాళ్లు ఉండరు. ప్రోగ్రాం రాసి కంపైల్ కొట్టగానే నల్లటి స్క్రీన్ మీద ఒక నోట్ పడుతుంది: మీ ఫైల్లో ‘అన్‌చెక్డ్ ఆర్ అన్‌సేఫ్ ఆపరేషన్స్’ ఉన్నాయని. దాని కిందే ఇంకోటి: వివరం కావాలంటే ‘ఎక్స్‌లింట్’ పెట్టి మళ్లీ కంపైల్ చేసుకోమని. ఎర్రర్ కాదు గనక పని ఆగదు. ‘‘అది వార్నింగేలే, రన్ కొట్టు’’ అనే మాట ఏ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనైనా వినిపిస్తుంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో అది ఇంటర్వ్యూ ప్రశ్న. జవాబు నోట్సులో ఉంటుంది, బట్టీ పడితే సరిపోతుంది. ఉద్యోగంలో చేరాక సీనియర్లు ఇంకో కిటుకు నేర్పుతారు. మెథడ్ నెత్తిన ‘సప్రెస్ వార్నింగ్స్’ అని ఒక్క లైను రాస్తే వార్నింగ్‌ను చూపే పసుపు గీత మాయం. కోడ్ శుభ్రంగా కనిపిస్తుంది, సాయంత్రానికి రిలీజ్ వెళ్లిపోతుంది.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇంటి గొడవే అయితే దినపత్రికలో దీనికి చోటు అక్కర్లేదు. కానీ ఇవాళ పింఛను, రేషను, స్కాలర్‌షిప్, ఆసుపత్రి బిల్లు, పరీక్ష మార్కులు అన్నీ జాబితాల రూపంలో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు వెళ్తున్నాయి. అవతలి నుంచి వచ్చిన మూటను ఇవతల విప్పుకోవడాన్నే డీసీరియలైజేషన్ అంటారు. పైన చెప్పిన వార్నింగ్ తరచుగా పలకరించేది సరిగ్గా ఆ విప్పుకునే చోటే. మిగతా చోట్ల దాన్ని నొక్కేస్తే ఎంతో కొంత సమర్థించుకోవచ్చు. ఇక్కడ నొక్కేయడానికి మాత్రం ఏ సాకూ నిలబడదు.

ఎందుకో తెలియాలంటే విశాఖలో యారాడ కొండ ఎక్కితే చాలు. కొండకు ఒక పక్క యారాడ ఊరు, కొబ్బరిచెట్లు, బీచ్. రెండో పక్క డాల్ఫిన్స్ నోస్ అంచు నుంచి చూస్తే పోర్టు, క్రేన్లు, అంతస్తులు అంతస్తులుగా పేర్చిన కంటైనర్లు. ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి. దూరం నుంచి అన్నీ ఒకే కొలత పెట్టెలు. పెట్టె తలుపు మీద నంబరు, దానికో సీలు, వెంట ఒక కాగితం. ఓడరవాణాలో ఆ కాగితం మీద సరుకు పేరుకు ముందు ‘సెయిడ్ టు కంటైన్’ అని రాసే ఆనవాయితీ ఉంది. లోపల ఫలానా సరుకు ఉన్నట్టు పంపినవాడు చెప్పాడు, మేం తెరిచి చూడలేదు అని ఓడ కంపెనీ ముందే చేతులు కడుక్కుంటుందన్నమాట. సీలు వేసిన పెట్టె లోపల ఏముందో ఓడవాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తెలుసుకోవాల్సింది గేటు దగ్గరున్న కస్టమ్స్.

2024 మార్చిలో అలాంటి పెట్టె ఒకటి దేశమంతా వార్తలకెక్కింది. బ్రెజిల్‌లోని సాంటోస్ రేవు నుంచి విశాఖకు వచ్చిన కంటైనర్ అది. కాగితం ప్రకారం లోపల ఎండు ఈస్టు, పాతిక కిలోల సంచులు వెయ్యి. ఇంటర్‌పోల్ నుంచి సమాచారం రావడంతో ‘ఆపరేషన్ గరుడ’ పేరుతో సీబీఐ దాన్ని తెరిపించింది. మాదకద్రవ్యాలు కలిశాయన్న అనుమానంతో పాతిక వేల కిలోల సరుకునూ పట్టుకుంది. ఎన్నికల సీజన్ కావడంతో పార్టీలు ఒకదాని మీద ఒకటి విరుచుకుపడ్డాయి. నెలల తర్వాత ప్రయోగశాల పరీక్షల్లో మాదకద్రవ్యాలేవీ లేవని తేలినట్టు వార్తలొచ్చాయి. ఆ ఉదంతంలో అందరూ మరిచిపోయిన సంగతి ఒకటుంది. అనుమానాన్ని తీర్చింది పెట్టె మీది రాత కాదు, సీలూ కాదు, సంచి విప్పి చేసిన పరీక్ష. తప్పును పట్టుకోవడానికే కాదు, తప్పు లేదని తేల్చడానికి కూడా తెరిచి చూడటమే దారి.

జావాలో లిస్టు కూడా అచ్చంగా అలాంటి పెట్టే. ప్రోగ్రామర్ కోడ్‌లో ‘ఇది లబ్ధిదారుల లిస్టు’ అని రాస్తాడు. కంపైలర్ ఆ మాటను కంపైల్ చేసేటప్పుడు శ్రద్ధగా పరిశీలిస్తుంది. ప్రోగ్రాం నడిచే సమయానికి మాత్రం ‘లబ్ధిదారుల’ అన్న ముక్క చెరిగిపోయి వట్టి ‘లిస్టు’ మిగులుతుంది. దీన్నే టైప్ ఎరేజర్ అంటారు. కాబట్టి బయటి నుంచి వచ్చిన వస్తువును ‘లబ్ధిదారుల లిస్టు’గా కాస్ట్ చేసినప్పుడు, అంటే ఆ రకంగానే చూడమని చెప్పినప్పుడు, నడిచే యంత్రం చూడగలిగింది ఒక్కటే: ఇది లిస్టా, కాదా? లోపల ఏముందో చూడటం దానివల్ల కాదు. చూడలేకపోతున్నానని కంపైలర్ ముందే చెబుతోంది. ఆ చెప్పడమే అన్‌చెక్డ్ కాస్ట్ వార్నింగ్.

ఇది ఎలా దెబ్బకొడుతుందో దగ్గరగా చూడటానికి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర, మోటారు పడవల వేటకు విరామం. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తోంది, 2025లో దాన్ని 20,000 రూపాయలకు పెంచింది. యారాడ లాంటి ఊరి జాబితా ఒకటి జేసన్ అనే డేటా రూపంలో ఫైలుగా వచ్చిందనుకుందాం. అందులో 120 పేర్లు, ఖాతా నంబర్లు, మొత్తాలు. జావా ప్రోగ్రామర్ బాగా చలామణిలో ఉన్న జాక్సన్ లైబ్రరీకి ఆ ఫైలు ఇచ్చి ‘దీన్ని లిస్టుగా చదువు’ అంటాడు. ఎలాంటి లిస్టో చెప్పడు. వచ్చినదాన్ని లబ్ధిదారుల లిస్టుగా కాస్ట్ చేస్తాడు. వార్నింగ్ వస్తుంది, నొక్కేస్తాడు.

ప్రోగ్రాం నడుస్తుంది. ‘మొత్తం లబ్ధిదారులు 120’ అని స్క్రీన్ మీద సరిగ్గానే పడుతుంది. లెక్క కుదిరింది కదా అని అధికారి సంతోషిస్తాడు. అసలు సంగతేమిటంటే ఆ లిస్టులో లబ్ధిదారు అనే వస్తువు ఒక్కటీ లేదు. ఏ రకమో చెప్పనందువల్ల జాక్సన్ ప్రతి మనిషినీ ‘లింక్డ్ హ్యాష్ మ్యాప్’ అనే సాదా సంచీలో వేసింది. సంచులు లెక్కపెట్టినంతసేపూ గొడవ లేదు. ఎక్కడో వేరే ఫైల్లో, వేరే మనిషి రాసిన కోడ్‌లో, మొదటి సంచీ తీసి ‘నీ ఖాతా నంబరు చెప్పు’ అన్నప్పుడు బండి బోల్తా పడుతుంది. ‘లింక్డ్ హ్యాష్ మ్యాప్‌ను లబ్ధిదారుగా కాస్ట్ చేయలేం’ అని క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్. ఈ ఎర్రర్ మొహం చూడని జావా డెవలపర్ హైటెక్ సిటీలోనూ దొరకడు, రుషికొండలోనూ దొరకడు.

ఇందులో అసలు అన్యాయం వేరే ఉంది. ఎర్రర్ పడిన లైన్లో కాస్ట్ అన్న మాటే ఉండదు. మామూలు ఫర్ లూప్ ఉంటుంది. కంపైలర్ తనంతట తాను లోపల దూర్చిన కాస్ట్ అక్కడ విఫలమైంది. స్టాక్ ట్రేస్ వేలు చూపేది ఆ లూప్ రాసిన కుర్రాడి వైపు. రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చేది అతనికి. గేటు దగ్గర చూడకుండా వదిలేసిన వ్యక్తి పేరు ఆ ట్రేస్‌లో ఎక్కడా కనిపించదు. ప్రాజెక్టు మారి ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయి కూడా ఉండొచ్చు.

ఇలా పగిలిపోవడం నిజానికి అదృష్టం. పగలకుండా నడిచేదే భయపెట్టాలి. గూగుల్ తయారుచేసిన జీసన్ లైబ్రరీకి రకం చెప్పకుండా సంఖ్య ఇస్తే, మామూలుగా దాన్ని డబుల్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, చదువుకుంటుంది. 12345678901 అన్న ఖాతా నంబరు అచ్చులో 1.2345678901ఇ10 అయి కూర్చుంటుంది. అది చూసినవాడికి ఏదో తేడా ఉందని కనీసం తెలుస్తుంది. ఇంకా పెద్ద నంబర్లలో ఆ మాత్రం కూడా తెలియదు. డబుల్ పూర్ణసంఖ్యలను ఒక్కటీ వదలకుండా దాచుకోగలిగేది 9007199254740992 వరకే. దాని పక్కనున్న 9007199254740993ని ఇస్తే చివరి 3 కాస్తా 2 అయిపోతుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ఒక అంకె మారిపోయింది. ఆ నంబరు ఎవరి ఖాతాదో, ఏ కార్డుదో అయితే డబ్బు పక్కింటికి పోయినట్టే. ఖాతా నంబర్లతో కూడికలు తీసివేతలు ఎవరూ చేయరు కాబట్టి వాటిని అక్షరాల వరుసగానే దాచాలన్న నియమం అందరికీ తెలుసు. కానీ విప్పే చోట రకం అడగకపోతే నియమం కాగితం మీదే ఉంటుంది.

తప్పు భాషది కదా, ప్రోగ్రామర్‌ను ఎందుకు అనడం అని ఒక వాదన ఉంది. అందులో పస లేకపోలేదు. జావాలో ‘దేని లిస్టో’ చెప్పే వీలు కల్పించే జనరిక్స్ 2004 సెప్టెంబరులో జావా 5తో వచ్చాయి. అప్పటికే ఏళ్ల తరబడి రాసిన కోడ్ లోకమంతా బ్యాంకుల్లో, టెలికాం కంపెనీల్లో నడుస్తోంది. దాన్నంతా తిరగరాయమంటే ఒప్పుకునేవారు ఎవరు? 1998లో మార్టిన్ ఓడెర్స్కీ, ఫిలిప్ వాడ్లర్, గిలాడ్ బ్రాఖా, డేవిడ్ స్టౌటమైర్ ప్రతిపాదించిన దారిలోనే, రకం వివరాలను కంపైల్ అయ్యాక చెరిపేసే పద్ధతిని ఎంచుకున్నారు. పాత కోడ్, కొత్త కోడ్ ఒకే ఇంట్లో కాపురం చేయగలిగాయి. జావా 5 వచ్చిన మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ 2.0లో వేరే దారి పట్టింది, నడిచేటప్పుడు కూడా రకం వివరాలు మిగిలేలా చేసింది. అక్కడ లిస్టును అడిగితే తాను దేని లిస్టో చెబుతుంది. జావా ఆ సుఖాన్ని వదులుకుని పాతవాళ్లను కాపాడుకుంది. ఆ నిర్ణయం వల్లే ఇరవై ఏళ్ల కిందటి ప్రోగ్రాములు ఇవాళ్టికీ నడుస్తున్నాయి, ఎందరో తెలుగువాళ్ల జీతాలూ నడుస్తున్నాయి.

అయితే జావా మోసం చేయలేదు. చూడలేని చోట చూడలేనని చెప్పింది. ఆ మర్యాద అన్ని భాషలకూ లేదు. వెబ్‌సైట్లు రాసేవాళ్లు ఎక్కువగా వాడే టైప్‌స్క్రిప్ట్‌లో కూడా రకాలు నడిచే సమయానికి చెరిగిపోతాయి. అక్కడ జేసన్ విప్పి ‘ఇది లబ్ధిదారుల వరుస’ అని ఒక మాట రాసేస్తే కంపైలర్ కిమ్మనదు. పైథాన్‌లో రాసే టైప్ హింట్లను నడిచేటప్పుడు భాష తనంతట తాను పరీక్షించదు. చెప్పిన భాష మాటే వినడం లేదంటే, చెప్పని భాషల్లో మనవాళ్లు ఎలా రాస్తున్నారో ఊహించుకోవచ్చు.

రెండో వాదన ఇంకాస్త గట్టిది. జావా సొంత లైబ్రరీలోనే ‘సప్రెస్ వార్నింగ్స్’ బోలెడు చోట్ల ఉంది, అందరూ రోజూ వాడే అర్రే లిస్ట్ కోడ్‌లోనూ ఉంది, పెద్దలు చేస్తే ఒప్పు, మేం చేస్తే తప్పా? జవాబు జాషువా బ్లాక్ రాసిన ‘ఎఫెక్టివ్ జావా’లోనే ఉంది. తీసేయగలిగిన ప్రతి అన్‌చెక్డ్ వార్నింగ్‌నూ తీసేయమంటాడాయన. తీయలేకపోతే, ఆ కోడ్ వల్ల ప్రమాదం లేదని రుజువు చేసుకోగలిగితేనే, వీలైనంత చిన్న పరిధిలో నొక్కమంటాడు. ఎందుకు ప్రమాదం లేదో పక్కనే కామెంట్ రాయమంటాడు. అర్రే లిస్ట్ లోపలి డబ్బా బయటివాళ్ల చేతికి అందదు. అందులో ఏది పడినా ఆ క్లాసు తలుపులోంచే పడాలి, ఆ తలుపు దగ్గర కంపైలర్ కాపలా ఉంది. కాబట్టి రుజువు ఉంది.

బయటి నుంచి వచ్చిన బైట్లకు అలాంటి రుజువు ఉండదు. వాటిని పంపినవాడు వేరే కంపెనీ, వేరే వెర్షన్, వేరే దేశం కావొచ్చు. నిన్నటిదాకా సరిగ్గా పంపినవాడు ఇవాళ ఒక కాలమ్ మార్చి ఉండొచ్చు. అసలు పంపింది అతనే కాకపోవచ్చు. తన ఇంట్లో వండుకున్నదాని గురించి వంటమనిషి పూచీ పడొచ్చు గానీ, గడప బయట ఎవరో పెట్టి వెళ్లిన గిన్నె గురించి ఎలా పడతాడు? ‘సప్రెస్ వార్నింగ్స్’ అని రాయడమంటే ప్రోగ్రామర్ తన పూచీ మీద సంతకం పెట్టడం. డీసీరియలైజేషన్ దగ్గర పెట్టే ఆ సంతకం వెనక చూసిన సరుకేమీ లేదు.

ఇక జావా సొంత సీరియలైజేషన్ విషయంలో కథ మరీ విషమించింది. 1997లో జావా 1.1తో వచ్చిన సౌకర్యమది. వస్తువునంతా బైట్ల వరుసగా మార్చి పంపొచ్చు, అవతల ‘రీడ్ ఆబ్జెక్ట్’ అంటే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ‘రీడ్ ఆబ్జెక్ట్’ తిరిగిచ్చేది వట్టి ఆబ్జెక్ట్. దాన్ని మనకు కావాల్సిన లిస్టుగా కాస్ట్ చేసుకోవాలి. ఆ కాస్ట్ తప్పితే ఎక్సెప్షన్ వస్తుంది కదా, అదే కాపలా అని చాలామంది ధీమా. కానీ కాస్ట్ దగ్గరికి వచ్చేసరికే వస్తువు లోపల పుట్టేసింది. పుట్టేటప్పుడు నడవాల్సిన కోడ్ నడిచేసింది. 2015 జనవరిలో క్రిస్ ఫ్రోహాఫ్, గేబ్రియల్ లారెన్స్ అనే ఇద్దరు భద్రతా నిపుణులు దీన్ని అందరి ముందూ చేసి చూపించారు. అపాచీ కామన్స్ కలెక్షన్స్ అనే, ఎక్కడపడితే అక్కడ ఉండే లైబ్రరీలోని మామూలు క్లాసులనే గొలుసుగా కట్టి, విప్పిన క్షణంలో సర్వర్ మీద తమకు నచ్చిన ఆదేశం నడిచేలా చేశారు. అదే ఏడాది నవంబరులో వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జేబాస్, జెంకిన్స్ వంటి పేరున్న సర్వర్ల మీద అది పనిచేస్తుందని తేలడంతో పరిశ్రమ ఉలిక్కిపడింది.

ఏడాది తిరిగేసరికి దాని సెగ శాన్‌ఫ్రాన్సిస్కో జనానికి తగిలింది. 2016 నవంబరు చివర్లో ఆ నగర రవాణా సంస్థ కంప్యూటర్లను రాన్సమ్‌వేర్ ముఠా బిగించేసి 100 బిట్‌కాయిన్లు అడిగింది. టికెట్ యంత్రాలు ఆపి, గేట్లు తెరిచి జనాన్ని ఉచితంగా పంపాల్సి వచ్చింది. ఆ ముఠా చేతిలోని ఆయుధాల్లో వెబ్‌లాజిక్ డీసీరియలైజేషన్ లోపం ఒకటని అప్పట్లో వార్తలొచ్చాయి. బే ఏరియాలో వేలమంది తెలుగు ఇంజినీర్లున్నారు. వాళ్లలో ఎంతోమందికి అన్నం పెట్టేది జావానే. జావా ప్రధాన రూపశిల్పి మార్క్ రీన్‌హోల్డ్ స్వయంగా 2018లో, సీరియలైజేషన్‌ను భాషలో చేర్చడం ఘోరమైన పొరపాటని ఒప్పుకున్నాడు. అంతకు ముందే, 2017లో, ఏ క్లాసులను లోపలికి రానివ్వాలో విప్పకముందే తేల్చే ఫిల్టర్లను జావా 9లో పెట్టారు, పాత వెర్షన్లకూ అందించారు. ఉన్నాయని తెలిసి వాడుతున్నవాళ్లు ఎందరన్నదే ప్రశ్న.

మరి చేయాల్సిందేమిటి? ఆశ్చర్యమేమిటంటే పెద్ద కష్టమేమీ లేదు. జాక్సన్‌లో ‘టైప్ రిఫరెన్స్’, జీసన్‌లో ‘టైప్ టోకెన్’ అనేవి ఉన్నాయి. వాటితో ‘లిస్టుగా చదువు’ అనడానికి బదులు ‘లబ్ధిదారుల లిస్టుగా చదువు’ అని చెప్పొచ్చు. చెరిగిపోయే రకం వివరాన్ని ఒక చిన్న ఉపక్లాసులో దాచి లైబ్రరీ చేతికి అందించే ఉపాయమది. అలా చెబితే సంచులు రావు, మనుషులే వస్తారు. ఖాతా నంబరు ఉండాల్సిన చోట ఆ రకంగా మార్చలేనిది ఉంటే అక్కడే, గేటు దగ్గరే, ఫలానా లైన్లో తప్పుందని ఆగిపోతుంది. వార్నింగూ ఉండదు, నొక్కే పనీ ఉండదు. పాత పద్ధతిలో వచ్చిన లిస్టు తప్పనిసరైతే, కొత్త ఖాళీ లిస్టు తీసుకుని ఒక్కో వస్తువునూ ‘నువ్వు లబ్ధిదారువేనా’ అని అడిగి అందులో వేసుకోవడానికి నాలుగు లైన్లు చాలు. తప్పు ఎవరు దూరుస్తున్నారో పట్టుకోవాలంటే ‘చెక్డ్ లిస్ట్’ అనే తొడుగు జావా 5 నుంచీ ఉంది, తప్పుడు వస్తువు వేయబోయిన క్షణంలోనే అరుస్తుంది.

పోర్టుకూ ప్రోగ్రాముకూ తేడా వచ్చేది ఇక్కడే. కస్టమ్స్ ప్రతి పెట్టెనూ విప్పితే రేవు స్తంభించిపోతుంది. అందుకే రిస్కు లెక్కగట్టి కొన్నిటినే తెరుస్తారు. ప్రోగ్రాముకు ఆ ఇబ్బంది లేదు. లక్ష పేర్లను ఒక్కొక్కటిగా ‘నీ రకమేమిటి’ అని అడగడానికి మామూలు ల్యాప్‌టాప్‌కు రెప్పపాటు పట్టదు. ఖర్చు ఎక్కువ కాబట్టి వదిలేశాం అనే మాట పోర్టు అధికారి అనొచ్చు, సాఫ్ట్‌వేర్ కంపెనీ అనకూడదు.

రకం చూసుకుంటే అన్నీ సర్దుకుంటాయని కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు, మొదటి ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది. తిరిగి చూస్తే 99. దిద్దినవారు బబుల్ షీట్‌లో తప్పు వృత్తాలు దిద్దడంతో 99 కాస్తా 00 అయింది. సున్నా కూడా చెల్లుబాటయ్యే సంఖ్యే కాబట్టి ఏ టైప్ చెకింగూ దాన్ని పట్టుకోలేదు. నిరుడు అంత బాగా రాసిన పిల్లకు ఈసారి గుండు సున్నా ఏమిటని అడిగే ఇంకో వరుస పరీక్ష కావాలి. ఆ ఫలితాల మీద రాష్ట్రం అట్టుడికింది, తల్లిదండ్రులు నాంపల్లిలో బోర్డు ఆఫీసు ముందు కూర్చున్నారు, ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. ఆ తర్వాత పునఃపరిశీలన ఫలితాలను మరో సంస్థ చేత కూడా సమాంతరంగా లెక్కగట్టించారు. ముందే చేయాల్సిన పని గొడవయ్యాక చేశారు. అది అన్‌చెక్డ్ కాస్ట్ కథ కాదు. కానీ బయటి నుంచి వచ్చిన అంకెను అడగకుండా లోపలికి తీసుకునే అలవాటు మాత్రం ఒకటే. రకాన్ని అడగడం ఆ అలవాటును మానడంలో మొదటి మెట్టు, అన్నిటికన్నా చవకైన మెట్టు కూడా. ఆ మెట్టే ఎక్కనివాళ్లు విలువ సబబుగా ఉందా అని అడుగుతారని ఎలా నమ్మడం?

విశాఖకు ఇప్పుడు ఈ సంగతి పట్టాలి. 2023 అక్టోబరులో రుషికొండలో ఇన్ఫోసిస్ కేంద్రం తెరుచుకుంది. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకే ఇవ్వాలని మంత్రివర్గం తీర్మానించింది. అదే ఏడాది అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఎకరాలు, కోట్లు, ఉద్యోగాల లెక్కలు రోజూ పత్రికల్లో వస్తున్నాయి. ఆ భవనాల్లో కూర్చోబోయే పిల్లలు ఎలాంటి కోడ్ రాస్తారన్న లెక్క మాత్రం ఎవరూ వేయడం లేదు. పైగా ఇప్పుడు కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. ‘ఈ పసుపు గీత తీసేయ్’ అని అడిగినవాడికి అవి గీతను తీసేసే అతి సులువైన దారి చూపించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ‘ఈ లిస్టులో ఏముందో పరీక్షించు’ అని అడగడం తెలిసినవాడికే అసలు పని చేసిపెడతాయి. ఆ అడగడం ల్యాబ్‌లో నేర్పాలి.

అందుకు యూనివర్సిటీలు సిలబస్ మార్చనక్కర్లేదు. జావా ల్యాబ్ కంప్యూటర్లలో ఎక్స్‌లింట్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, వార్నింగ్ వస్తే కంపైల్ ఆగిపోయేలా ‘వెర్రర్’ అనే ఆప్షన్ పెడితే చాలు. రెండూ జావాతో ఉచితంగానే వస్తాయి. రికార్డులో ఏ ప్రోగ్రాంలోనైనా ‘సప్రెస్ వార్నింగ్స్’ ఉంటే దాని కింద కారణం రాయాలని, వైవాలో ఆ కారణమే అడగాలని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు చెప్పొచ్చు. బట్టీ పట్టిన నిర్వచనం కన్నా ఆ ఒక్క ప్రశ్న విద్యార్థికి ఎంత తెలుసో ఎక్కువ చెబుతుంది.

ప్రభుత్వాల వంతు ఇంకా ముఖ్యం. సర్కారీ వెబ్‌సైట్లు జనంలోకి వెళ్లేముందు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటర్లతో భద్రతా తనిఖీ చేయించాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. ఆ తనిఖీ పత్రంలో ఇంకో రెండు వరుసలు చేర్చడం పెద్ద పనేం కాదు. మొదటిది: కోడ్‌లో నొక్కేసిన వార్నింగులు ఎన్ని, ఒక్కోదానికీ రాసిన కారణం ఏమిటి. రెండోది: బయటి నుంచి జాబితా విప్పుకునే చోట్లు ఎన్ని, వాటిలో లోపలి వస్తువుల రకాన్ని పరీక్షిస్తున్నవి ఎన్ని. కాంట్రాక్టర్ ఈ రెండు అంకెలూ సంతకం పెట్టి ఇవ్వాలి. రెండో అంకెలో తేడా ఉంటే ఆ మేరకు బిల్లు ఆపాలి. అలా రాతపూర్వకంగా ఉంటే, అర్ధరాత్రి ఎక్సెప్షన్ పడినప్పుడు లూప్ రాసిన కుర్రాడికి కాకుండా గేటు వదిలేసిన కంపెనీకి ఫోన్ వెళ్తుంది.

పాత కోడ్ మాటేమిటని కంపెనీలు అడుగుతాయి. లక్షల లైన్లలో వేల వార్నింగులున్న ప్రాజెక్టులో రేపట్నుంచి అన్నీ తీసేయమంటే జరిగే పని కాదు, నిజమే. అక్కడ వరుస క్రమం ఉండాలి. ముందుగా జావా సీరియలైజేషన్‌తో బయటి బైట్లు చదువుతున్న చోట్లు. వాటికి వెంటనే ఫిల్టర్లు పెట్టాలి, వీలైతే ఆ పద్ధతే మానేసి జేసన్‌కో మరోదానికో మారాలి. ఆ తర్వాత డబ్బు, మార్కులు, మందులు, అర్హతలు మోసే జాబితాలు. చివరగా మిగతావి. కొత్తగా రాసే ఫైళ్లకు మాత్రం మొదటి రోజు నుంచే వార్నింగ్ ఉంటే మెర్జ్ లేదన్న నియమం. ఈ క్రమాన్ని తమ పాత పోర్టళ్ల మీద ఏ నెలలో మొదలుపెడతారో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖలు వచ్చే టెండర్లలోనే చెప్పాలి.